సుక్మా దొర బల్ల దుప్పటి

కొంటాలో రామలింగం శెట్టి కొట్టు అరుగెక్కినవాడు ఉప్పు కొనకుండానైనా దిగొచ్చు గానీ, ఆయన చెప్పే ముచ్చట వినకుండా దిగలేడు. ఆ సాయంత్రం శబరి మీంచి వాన వాసనతో గాలి తోలుతోంది. అరుగు మీద నలుగురు చేరగిలబడి ఉన్నారు. అందరికంటే ముందు కూర్చున్నది గొల్లపల్లి జోగ. ఒక్క మాట తెలుసుకుపోదామని తెల్లారకముందే బయల్దేరి నడిచొచ్చాడు.

సుక్మాకి కొత్తగా వచ్చిన జంగల్ దొర గొల్లపల్లి పక్కనున్న మద్ది అడవిలోకి ఎవర్నీ పోనివ్వడం లేదు. జోగవాళ్లు ఏటా తొలకరికి పట్టుపురుగుల్ని వదిలేది ఆ మద్ది చెట్ల మీదే. ఈ ఏటి గుడ్లు అప్పుడే ఇళ్లలో ఆకుదొప్పల్లో ఉన్నాయి. వారంలో పగులుతాయి. ఆకు అందకపోతే పురుగులన్నీ చస్తాయి, వాటితోపాటు ఏడాది తిండీ పోతుంది. అందుకని ఊరంతా దాచుకున్న పట్టుకాయలు తెచ్చిస్తే, కొట్టుకి ఎదురింటి మగ్గం వరమ్మ దారం తీసి దొర కోసం బల్ల దుప్పటి నేసింది. కోళ్లూ తేనే ఎవరైనా ఇస్తారు, బల్ల మీద తినే దొరకి బల్ల మీద పరిచేదే ఇవ్వాలని ఉపాయం చెప్పింది రామలింగమే. ఇచ్చి, అడవి తెరిపించుకొస్తానని ఛాతీ చరుచుకున్నదీ ఆయనే. సుక్మా పోయి నిన్ననే తిరిగొచ్చాడు.

దొర ఏమన్నాడని జోగ అడిగాడు. వరసగా చెప్పనియ్యవోయ్ అంటూ రామలింగం కండువా దులిపి భుజానేసుకున్నాడు.

మూడు రోజుల దారిని రెండు రోజుల్లో కొట్టేశాడట. అక్కడిదాకా నమ్మొచ్చు. పొద్దుగూకాక మూట సందులోంచి తేనె రంగు వెలుగు కారుతుంటే లాంతరు ఆర్పేశాడట. ఎడ్లు ఆ వెలుగు చూసి మేత మరిచి నడిచాయట. కాసేపటికి బండి వెనకాల దుప్పులు, దుప్పుల వెనకాల ఒక చిరుత, ఒకదాన్నొకటి ముట్టుకోకుండా పెళ్లికి పోయే జనంలా వరసకట్టి వచ్చాయట.

"చిరుత కూడానా?" అన్నాడు పక్కనున్న సోమారు.

"గోరు చాపితే ఒట్టు. నీ మీదే ఒట్టు" అన్నాడు రామలింగం.

ఇక బంగళా సంగతి చెప్పాలంటే, నలభై మంది విందుకు కూర్చున్న మేజాబల్లట. తానే స్వయంగా దుప్పటి పరిచాడట. నాలుగు పక్కలా నేలకి జీరాడిందట. పరిచీ పరచగానే గదినిండా మద్దిపూల వాసన. దొరసాని అంచు మీద చెంప ఆనించి కళ్లు మూసుకుంది. ఆమెను చూసి పక్కనామె, ఆమెను చూసి దొరలూ, అందరూ తలలు వాల్చేశారు. అప్పుడు సన్నగా జల్లు చప్పుడు. ఇంట్లో వానేందని దొరలు నిద్రలోనే గొడుగులు తెరిచారు. అది వాన కాదు. పట్టులో ఉండిపోయిన పురుగులు ఆకు మేస్తున్న చప్పుడు.

జోగ కళ్లు మూసుకున్నాడు. కాకులు పొడుచుకుపోకుండా ఏటా ఆ చెట్ల కింద కావలి పడుకునేవాడికి ఆ చప్పుడు తెలుసు. అతని మొహంలో నవ్వు రామలింగం చూశాడు. అక్కడ ఆగితే దొర ఏమన్నాడో చెప్పాలి. అందుకని ఆగలేదు.

"ఆ తర్వాతేమైందో ఎరుకనా? దారంల దాగిన రెక్కలన్నీ ఒక్కసారి విచ్చుకున్నయి. దుప్పటి లేచింది. కప్పులతో, సాసర్లతో, నడిమిట్ల దొరసానితో సహా లేచింది. చాయ్ ఒక్క చుక్క తొణకలే. కిటికీలోంచి బయటికొచ్చి శబరి మీదుగా పోతున్నది. దొర ఒక అంచు పట్టుకొని వేలాడతున్నడు, ఇంకో అంచు పట్టుకొని నేను. వెన్నెల్లో కింద గొల్లపల్లి కనపడ్డది, మద్ది అడవి కనపడ్డది. దొర కళ్లనీళ్లు పెట్టుకున్నడు. ఇంత అందమైన అడవిని మూసిన్నా అని, అక్కడే గాల్లోనే కాయితం మీద సంతకం గీకిండు."

అరుగు మీద అందరూ తలలెత్తారు. సోమారు కూడా మబ్బుల్లోకి చూస్తున్నాడు.

"ఆ పరవానా కాయితం ఏది సావుకారి?" అన్నాడు జోగ.

"గాల్లో రాసింది గదా, సిరా ఆరాలె. వస్తది."

కింది మెట్టు మీద కూర్చుని వింటున్న వరమ్మ తలెత్తింది. "నాలుగు పక్కలా జీరాడిందా తమ్మీ?" అని అడిగింది. నేల మీద ఇంకో జానెడు మిగిలిందక్కా అన్నాడు రామలింగం. ఆమె లేచి ఎదురింట్లోకి పోయి ఒక మడత తెచ్చింది. అరుగు మీద పరిచింది. తేనె రంగు పట్టు, పొడుగు చాలా ఉంది గానీ వెడల్పు రెండు మూరలే.

"నా మగ్గం మీద ఇంతకంటే వెడల్పు రాదు. బల్ల దుప్పటంటే రెండు పట్టీలు నేసి నడుమ కుట్టాలె. నేను ఏటికి పోయినప్పుడు నువ్వొచ్చి ఒక్క పట్టీ పట్టుకుపోయినవ్. ఇది రెండోది. ఏ బల్ల మీద పరిచినా సగం బల్ల బయటికి కనపడేది తమ్మీ."

సోమారు నవ్వబోయి, జోగ మొహం చూసి ఆగిపోయాడు. రామలింగం ఆ పట్టీ అంచు వేళ్లతో పట్టుకున్నాడు. మూట ఒక్కసారి విప్పి చూసుకున్నా తెలిసేది.

"విప్పలేదక్కా. గేటే దాటలే" అన్నాడు. "రెండు రోజులు నిలబడ్డ. దొర నా ముందునుంచే గుర్రమెక్కి పోయిండు. నోరు పెగల్లే. జవాను చేతిల పెట్టి వచ్చిన."

ఇంత చిన్న ముచ్చట ఆయన ఆ అరుగు మీద ఎన్నడూ చెప్పలేదు. తిడితే బాగుండునని జోగ వైపు చూశాడు. జోగ తిట్టలేదు. గుడ్లు పగిలేలోపు పోను మూడు రోజులు, రాను మూడు రోజులని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

వరమ్మ పట్టీ మడిచింది. "సూదీ దారం తెచ్చుకుంట. సగం దుప్పటి లోపలున్నది, మిగతా సగం తెచ్చినమంటే గేటు తీస్తరు. దొర బల్ల మీదనే కూర్చుని కుడత. కుట్టు అయిందాక వినకేం చేస్తడు?"

జోగ లేచి నిలబడ్డాడు.

"ఎడ్లు కట్టు సావుకారి. ఆకు మేసే చప్పుడు చెప్పినవు గద, దొరకు అది అట్లనే చెప్పు."

రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఎగిరింది మాత్రం చెప్పకు."