మబ్బులు తోలే మిషన్

ఏదీ, ఆ ఫోన్ ఇట్ల తిప్పు శశీ. వెంట్రుకలు ఆరబెట్టే మిషనా? నవ్వొద్దు పాపా, దాని సంగతి నాకు తెలుసు. నేనూ కొన్నా ఒకటి, మీ నాయన నిక్కర్లేసుకొని తిరిగే రోజుల్లో. నాకు కాదులే, నా తలకాయ మీద ఏముండాదని. మా చెల్లెలు నల్లమ్మకి. నీకు అవ్వ వరస, నువ్వు చూల్లేదు. జడ మోకాళ్ల కాడికుండె. ఆయమ్మికేమో ఆయాసం. తల తడిగా ఉంటే చాలు, ఎదలో పిల్లికూతలు. సాంబ్రాణి పొగేస్తే ఇంగా ఎక్కువ. జడ కత్తిరించుకోవే అంటే, నా పీక కత్తిరించు అనేది. అట్లాటి మొండిది.

కళ్యాణదుర్గంలో హుస్సేన్ పీరా అని, రేడియోలు బాగుచేస్తా అంగట్లో ఇట్లాటివి గూడా పెట్టుకున్నాడు. నేను బాగా రొద చేసేదాన్ని పట్టుకున్నా. 'ఏమప్పా, దాంతో జొన్నలు తూర్పారబడతావా?' అని ఎగతాళి చేసినాడు. మళ్లా ఆయప్పే చెప్పినాడు: చల్లగాలి బటన్ ఉండల్లంట, చేతికి బరువు తగలకూడదంట, కొంచేపు తిప్పి వైరు పట్టుకుంటే కాలకూడదంట, కంపెనీ పేరు చూసి దుడ్లు పొయ్యొద్దంట. నువ్వూ అవే చూడు. మాకు సరైన ధరకే ఇచ్చినాడు, పాపం. మర్సనాడు పొద్దున్నే నల్లమ్మ వచ్చి, 'అన్నా, నిద్ర ఇంత బాగుంటాదా' అనింది.

ఆ ఏడే కొండమీద గాలిమరలు పెట్టినారు. వాన లేదు. శనక్కాయ ఊడలు దిగే కాలానికి చేన్లు మాడిపోతాండాయి. మబ్బులొస్తాయి, పోతాయి. గాలిమరలే మబ్బుల్ని తోలేస్తాండాయని ఊరంతా ఒకటే మాట. అవేమన్నా మన చేతికి అందేవా? పక్కింటి లక్ష్మీనరసమ్మ, దాని నోరు పడిపోను, 'కొండమీద పెద్దవి, నల్లమ్మింట్లో చిన్నది' అనింది. నవ్వులాటకే అనింది. ఇంగ చూడు, ఎవురూ నవ్వల్యా. గుంపుగా వచ్చి ఇంటిముందర నిలబడినారు. నల్లమ్మ మొగుడు కదిరప్ప చెడ్డోడేం కాదు, చేను ఎండినోడు. మిషన్ ట్రంకు పెట్టెలో పెట్టి బీగమేసి, బీగంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. వాన పడినాక ఇస్తాడంట. నల్లమ్మా సరే అనింది. దాని చేనూ అదే కదా.

పడింది. చేన్లో నుంచి ఇంటికొచ్చేలోగా నల్లమ్మ జడ పిండితే కడవెడు నీళ్లు. జనం వీధిలో ఎగురుతాండారు. కదిరప్ప గట్టు తెగుతాదని చేనికాడికే పరిగెత్తినాడు, బీగంచెవి వాని మొలతాడుకే ఉండాది. ముసురు వదల్లేదు. నేను పోయేసరికి అది గోడకానుకొని ఊపిరి కోసం కొట్టుకుంటాండాది. పెట్టె పగలగొడదామని గుండ్రాయి ఎత్తినా. చెయ్యి పట్టుకునింది. 'వద్దన్నా, వాన నిలిచిపోతాదేమో' అనింది.

అంతే పాపా. ఆస్పత్రికి ఎత్తకపోదామంటే వాగొచ్చి బస్సు రాలేదు. ఆ ఏడు ఊర్లో అందరికీ కాయ బాగా పండింది, కదిరప్పకి గూడా. నాకు ఆ కాయ నోట్లో పెట్టుకోబుద్ధి కాల్యా.

కొనుక్కోలే. చల్లగాలి బటన్ ఉండాదేమో చూసుకో. మబ్బు పట్టినప్పుడు మాత్రం దాన్ని... ఏం లేదులే. పొయ్యి మీద పాలు చూడు పో.