ఓర్వల్ ట్వెట్ గురి

హేడర్ ఊళ్ళో వాన పడితే పొలాల్లో గడ్డి కోతలు ఆగిపోతాయి, ధాన్యం గోదాము కాటా గదిలో ఓర్వల్ ట్వెట్ కోతలు మొదలవుతాయి. మొదటివాటికి ట్రాక్టరు, డీజిలు, మనుషులు కావాలి. రెండోవాటికి ఒక కప్పు కాఫీ, కూర్చోడానికి ఒక విత్తనాల బస్తా చాలు. ఆ జూన్ మంగళవారం పొద్దుట్నుంచి వాన ఎడతెరిపి లేకుండా కురుస్తోంది కాబట్టి ఓర్వల్ ఎనిమిదింటికల్లా తన బస్తా ఎక్కేశాడు.

మైలో స్టాంగల్ మాత్రం కోతలు వినడానికి రాలేదు. ఇంట్లో ఒంటరిగా కూర్చోలేక వచ్చాడు. పందొమ్మిదేళ్ళుగా ఊరి బేస్‌బాల్ జట్టుకి మేనేజరు అతనే. జేబులో లీగువాళ్ళు పంపిన కాగితం ఉంది, మధ్యాహ్నం పన్నెండింటికల్లా నింపి ఇవ్వాలి. అందులో ఉన్న ప్రశ్న ఒక్కటే. ఆదివారం ఆటలో హేడర్ పిచర్ డేన్ విసిరిన బంతి పక్కూరు ఓస్‌బర్గ్ బ్యాటర్ రోల్ఫ్‌కి తగిలింది కదా, అది కావాలని వేసిందా, చేయి జారిందా? ఈ ఏడు కొత్త నియమం పెట్టారు. కావాలని కొట్టిన పిచర్ ఆ సీజనంతా బయట కూర్చోవాలి. కొట్టమని చెప్పినవాడు ఎవడైనా ఉంటే వాడూ కూర్చోవాలి.

చేయి జారిందనే డేన్ ఊరంతా చెప్పుకున్నాడు. అసలు సంగతి డేన్‌కీ తనకీ తప్ప మూడోవాడికి తెలియదని మైలో ధైర్యం. ఆదివారం రోల్ఫ్ ఒక బంతిని కంచె అవతలి మొక్కజొన్న చేలోకి కొట్టి, వెంటనే పరుగెత్తకుండా నిలబడి, తన దెబ్బని తానే మెచ్చుకుంటూ చూశాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తాతని తిట్టినా ఊరుకుంటారు గానీ అలా నిలబడి చూస్తే ఊరుకోరు. రోల్ఫ్ మళ్ళీ బ్యాట్ పట్టుకొచ్చినప్పుడు మైలో తన కుడి చెవి తమ్మె పట్టుకుని లాగాడు. వాళ్ళ జట్టులో దానికి ఒకటే అర్థం. ఆ మరుసటి బంతికి రోల్ఫ్ మణికట్టు విరిగింది. రోల్ఫ్‌కి అరవై పాడి ఆవులున్నాయి. పాల మిషన్లు తగిలించాలన్నా రెండు చేతులూ కావాలి. ఆ ఆవులు తలుచుకుంటే మైలోకి ముద్ద దిగడం లేదు.

"ఆ కాగితం ఎన్నిసార్లు తీసి చూసుకుంటావు మైలో?" అంది వర్నా, కాటా వెనక కుర్చీలోంచి. గోదాము ఆమెదే, లీగుకి వెళ్ళే టపా కూడా అక్కడే ఇస్తారు. "నన్నడిగితే కావాలని కొట్టిన ప్రతి పిచర్నీ కూర్చోబెట్టాల్సిందే. నా లారీ అద్దం మీద రాయేస్తే పోలీసులొస్తారు, మనిషి మీద బంతేస్తే చప్పట్లు కొడతారా?"

"శిక్షా!" అన్నాడు ఓర్వల్. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, బస్తా మీద ఒక్క ఎగురు ఎగిరాడు. "పిచర్‌కి శిక్షా! రేపు వానకి కూడా శిక్ష వేస్తారు, గడ్డి తడిపిందని. వర్నమ్మా, నువ్వు చిన్నదానివి, నీకు తెలీదు. నేను ఈ చేత్తో ఎంతమందిని కొట్టానో లెక్కలేదు, అన్నీ కావాలనే, అన్నీ గురిపెట్టే. ఒక్కడంటే ఒక్కడు ఏడ్చాడా? అడుగు క్లెమ్‌ని."

క్లెమ్ కిటికీ పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. ఓర్వల్ బంతులు విసిరిన పదకొండేళ్ళూ ఎదురుగా, బ్యాటర్ వెనకే కూర్చుని పట్టిన క్యాచర్ అతనే. కప్పు చెవి పట్టుకోకుండా రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని కాఫీ తాగుతాడు. ఇప్పుడూ అలాగే ఒక గుక్క తాగాడు.

"ముందు చిన్నది చెప్తాను," అన్నాడు ఓర్వల్, "గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. పంతొమ్మిది వందల అరవై ఎనిమిది. గస్ అని ఒకడు, ఎద్దులా ఉండేవాడు, బ్యాటర్ ముందు నేలలో పాతిన ప్లేటు మీదకి వంగి నిలబడేవాడు, అది వాళ్ళ తాత కట్టించినట్టు. జరగవయ్యా బాబూ అన్నాను. జరగలేదు. సరేనని బెల్టు బకిల్ మీద ఒక్కటి అంటించాను, నెమ్మదిగా, పక్కింటి తలుపు తట్టినట్టు. జరిగాడు. అంతే. బంతి తగిలినవాడికి దక్కే మొదటి బేసుకి ఊరికే నడుచుకుంటూ పోయాడు, మళ్ళీ ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చుని పాడాడు కూడా."

మైలోకి ఆ మాట బాగుంది. అలాంటివి కూడా జరుగుతాయి కదా అనుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు ఓర్వల్. "గస్‌కి ఆరేళ్ళుగా నడుం నొప్పి. నా బంతి తగిలిన చోటునుంచి చుట్టూ తిరిగి వెనక్కి పోయి ఆ నొప్పిని లాగేసింది. ఈ సంగతి పాకిపోయింది. వాళ్ళ తమ్ముడికి పన్ను నొప్పి. ఓస్‌బర్గ్‌లో పళ్ళ డాక్టరు లేడు. బ్యాట్ పట్టుకొచ్చి దవడ మీద చెయ్యేసుకుని కళ్ళతోనే బతిమాలాడు నన్ను. కింది వరసలో ఎడమవైపు మూడోది. పక్క పన్నుకి తెలియకుండా తీసేశాను."

"పెదవి చిట్లలేదూ?" అంది వర్నా.

"ఎందుకు చిట్లుతుంది, నోరు మూసే ఉందిగా."

"మూసిన నోట్లోంచి పన్నెలా వచ్చిందయ్యా?"

"నేనూ అదే అడిగాను వాణ్ణి. అడిగితే నవ్వాడు. అప్పుడొచ్చింది."

వర్నా కాటా బల్ల మీద తల వాల్చి నవ్వింది. మైలో కూడా నవ్వాడు. రెండు రోజుల తర్వాత అదే మొదటి నవ్వు. జేబులో కాగితం బరువు కాస్త తగ్గినట్టనిపించింది. ఓర్వల్ నోట్లో పడితే ఎంత పాపమైనా తేలికైపోతుంది, అందుకే ఆ ఊళ్ళో ఆయన్ని ఎవరూ ఆపరు.

"ఇంకొకడున్నాడు, పేరు చెప్పను, వాడి మనవలు ఇంకా ఇక్కడే ఉన్నారు. నేను బంతి వేస్తున్నానని విని ఆటకే రాలేదు. పన్నెండు మైళ్ళ అవతల, ఓస్‌బర్గ్‌లో, ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. నేను వదుల్తానా? గాలి ఎటుందో చూసుకున్నాను. గాలి చూడకుండా వేసేవాడికి బాధ్యత లేదని నా ఉద్దేశం. ఈ గోదాము నెత్తి మీంచి వేశాను, అప్పట్లో ఇది పొట్టిగా ఉండేది..."

"మా నాన్న కట్టినప్పట్నుంచీ ఇంతే ఉంది."

"అయితే ఇంకాస్త ఎత్తుగా వేసుంటాను. ఆ బంతి పోయి పోయి, వాడి వంటింటి కిటికీలోంచి దూరి, వాళ్ళావిడ బంగాళదుంపలు వడ్డిస్తుంటే వాడి భుజానికి తగిలింది. ఒక్క దుంప కింద పడలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మన అంపైర్ నిజాయితీ మనిషి. తగిలింది గనక మొదటి బేసు వాడిదే అన్నాడు. పాపం వాడు కారేసుకుని పన్నెండు మైళ్ళూ వచ్చి బేసు మీద నిలబడాల్సొచ్చింది. చేతిలో ఫోర్కు ఇంకా అలాగే ఉంది."

"పన్నెండు మైళ్ళ అవతల తగిలిందని అంపైర్‌కెలా తెలిసింది?" అన్నాడు మైలో.

"వాళ్ళావిడ ఫోన్ చేసింది."

ఓర్వల్ ఇంకో కప్పు కాఫీ పోసుకుని గొంతు సవరించుకున్నాడు. ఇక అది ఉపన్యాసమే. "చెప్పొచ్చేదేంటంటే, ఆటకి తన చట్టం తనకుంది. వాళ్ళు మనవాణ్ణి కొడతారు. మనం వాళ్ళవాణ్ణి కొడతాం. వాళ్ళు మళ్ళీ మనవాణ్ణి కొడతారు. అలా అలా శాంతి నెలకొంటుంది. మధ్యలో కాగితాలు పట్టుకుని లీగువాళ్ళెందుకు?"

"ఆ శాంతికి కట్లు కట్టలేకే మన డాక్టరు ఊరొదిలి పోయాడు," అంది వర్నా.

"రోల్ఫ్ చెయ్యి విరిగింది, ఓర్వల్," అన్నాడు మైలో.

"గురి లేకపోతే విరుగుతుంది మరి. దానికీ శిక్షకీ ఏం సంబంధం? నువ్వు జారిందని రాసి పడెయ్. డేన్ లేకపోతే ఈ ఏడు మనకి ఫైనల్ లేదు, నువ్వు లేకపోతే జట్టే లేదు. నాలుగు వారాల్లో చెయ్యి అతుక్కుంటుంది. ట్రోఫీ అతుక్కోదు."

ఆ మాట మైలో రెండు రోజులుగా తనకి తాను చెప్పుకుంటున్నదే. ఇంకొకరి నోట విన్నాక కొంచెం ధైర్యం వచ్చింది. కాగితం తీసి మోకాలి మీద పరుచుకున్నాడు. వర్నా బల్ల మీంచి పెన్ను అందుకుని, జారింది అని రాయడానికి మొదటి అక్షరం పెట్టాడు.

"రాస్తూ విను, అసలుది చెప్పనేలేదు," అన్నాడు ఓర్వల్. "డెబ్బై ఒకటి ఫైనల్. చివరి ఇన్నింగ్స్. స్కోరు సమానం. మూడు బేసుల మీదా ఓస్‌బర్గ్ వాళ్ళే. బ్యాట్ పట్టుకున్నవాడు మన క్లెమ్‌ని చూసి ఒక మాటన్నాడు. వర్నమ్మ ఉంది గనక ఆ మాట చెప్పను. నేను ఆలోచించాను. ట్రోఫీయా, స్నేహితుడి పరువా? ట్రోఫీ వచ్చే ఏడూ వస్తుంది. నాలుగో పక్కటెముకకీ ఐదోదానికీ మధ్యలో పెట్టాను. ఎముక కదల్లేదు గానీ పొగరు విరిగింది. జనం లేచి నిలబడ్డారు. కంచె పక్కనుంచి పోయే గూడ్సు రైలు ఆగిపోయింది. డ్రైవరు దిగొచ్చి నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ రైల్లో ఉన్న పందులు కూడా అరవడం మానేశాయి."

గదిలో ఎవరూ నవ్వలేదు. మూడు బేసులూ నిండి ఉన్నప్పుడు బ్యాటర్‌కి బంతి తగిలితే అవతలివాళ్ళకి ఊరికే ఒక పరుగిచ్చినట్టే. ఆ పరుగుతో హేడర్ ఫైనల్ ఓడిపోయింది. ఆ తర్వాత మళ్ళీ ఫైనల్ దాకా వెళ్ళిందే లేదు. ఊళ్ళో ఆ ఆట మాట ఓర్వల్ ఎదురుగా ఎవరూ ఎత్తరు. ఇవాళ ఆయనే ఎత్తాడు.

క్లెమ్ కప్పు కింద పెట్టాడు.

"వాడు నన్నేమీ అనలేదురా ఓర్వల్," అన్నాడు. "మీ పిచర్‌కి ఒంట్లో బాలేదా అని అడిగాడు. అంతే."

"నీకు వినపడి ఉండదు."

"వాడి వెనక జానెడు దూరంలో కూర్చున్నది నేను." క్లెమ్ రెండు చేతులూ ఎత్తి వేళ్ళు విప్పాడు. విప్పాడంటే విప్పడానికి చూశాడు. ఒక్క వేలూ తిన్నగా లేదు. "ఇది అరవై తొమ్మిది. ఇది డెబ్బై, రెండుసార్లు. ఈ చిటికెన వేలు ఆ ఫైనల్లోనే, మొదటి ఇన్నింగ్స్. నా చేతి తొడుగు ఇక్కడ పెడితే నీ బంతి ఊరంతా తిరిగొచ్చేది. నువ్వు కావాలని ఎవడికైనా గురిపెట్టి ఉంటే, ఈ జిల్లాలో వాడంత క్షేమంగా ఉన్నవాడు ఇంకొకడు లేడు."

వర్నా పగలబడి నవ్వింది. నవ్వు మధ్యలో ఓర్వల్ మొహం చూసి ఆపేసింది. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని దాని అంచు నలుపుతున్నాడు. అంత పెద్ద మనిషీ బస్తా మీద చిన్నగా కనిపించాడు.

"ఇవి కూడా కావాలనే విరగ్గొట్టావా?" అన్నాడు క్లెమ్, చేతులు దించకుండా. "అయితే చెప్పు. మైలో దగ్గర కాగితముంది, నీ పేరు కూడా రాస్తాడు."

ఓర్వల్ మొహం వాన వైపు తిప్పుకున్నాడు.

"జారిందిరా," అన్నాడు.

"ఏది?"

"అన్నీ."

యాభై ఏళ్ళు దాటాక ఆ మాట ఆయన నోట వచ్చింది. క్లెమ్ లేచి వెళ్ళి ఓర్వల్ కప్పులో కాఫీ పోశాడు, రెండు అరచేతులతో కెటిల్ పట్టుకుని. పోస్తూ, ఎవరినీ చూడకుండా అన్నాడు. "చిత్రమేంటంటే, జారినవాడు కావాలని కొట్టానని చెప్పుకుంటాడు. నిజంగా కావాలని కొట్టినవాడు ఒక్కనాటికీ చెప్పుకోడు. వాడు జారిందంటాడు." కెటిల్ పక్కన పెట్టి, అప్పుడు తిరిగాడు. "ఆదివారం నీ చెవి తెగ దురద పెట్టినట్టుంది మైలో. తగ్గిందా?"

మైలో చెవులు రెండూ వేడెక్కాయి. పదకొండేళ్ళు సంజ్ఞలు చూసిన మనిషి, ప్రేక్షకుల బెంచీ మీద కూర్చున్నంత మాత్రాన చూడడం మానేస్తాడా? ఇంతకాలం ఓర్వల్‌ని చూసి ఊరంతా నవ్వుకుంది గానీ, ఆ ముసలాయన చెప్పిన అబద్ధాలన్నిటికీ ఒక్క ఆవు కూడా పాలివ్వడం మానలేదు. తను చెవి లాగి నోరు మూసుకుంటే అరవై ఆవులు అరుస్తున్నాయి. మైలోకి సిగ్గేసింది. నిజంగా, బాగా సిగ్గేసింది.

మొదట పెట్టిన అక్షరం కొట్టేశాడు. కింద రాశాడు: జారలేదు. చెవి లాగింది నేను. కుర్రాడు చెప్పినట్టు చేశాడు. పేరు పెట్టి, కాగితం మడిచి వర్నా ముందు పెట్టాడు. ఆమె చదివింది. కవర్లో పెట్టి నాలికతో తడిపి అంటించింది.

"డేన్ కూడా కూర్చోవాలి కదా," అంది.

"కూర్చోవాలి. వాడికి నేనే చెప్తాను." మైలో లేచి టోపీ పెట్టుకున్నాడు. "రోల్ఫ్ వాళ్ళింట్లో సాయంత్రం పాలు ఎన్నింటికి తీస్తారు?"

"ఐదింటికి," అన్నాడు క్లెమ్. "నిన్న నేను వెళ్ళాను. ఈ వేళ్ళతో మూడు ఆవులకంటే ఎక్కువ నావల్ల కాలేదు. ఇవాళ కూడా వెళ్తున్నాను, కలిసే పోదాం."

ఓర్వల్ బస్తా దిగి ముక్కు తుడుచుకున్నాడు. "నేనూ వస్తాను," అన్నాడు. గుమ్మం దాకా వచ్చేసరికి నడుం కొంచెం తిన్నబడింది. "డెబ్బై నాలుగులో, మీకు తెలీదేమో, నేను ఒక్క చేత్తో, కళ్ళకి గంతలు కట్టుకుని, నాలుగొందల ఆవుల్ని..."

"నాలుగున్నరకి వచ్చి బండెక్కరా," అన్నాడు క్లెమ్. "అక్కడ మాత్రం బక్కెట్టు నేను పట్టుకుంటాను. నువ్వు దేనికీ గురిపెట్టకు."