మిరపకాయల మీద దిగిన విమానం

(ఏటిగడ్డపల్లె ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు శ్యామలమ్మ తన పదవీ విరమణ సభలో చేసిన ప్రసంగం)

గంటసేపటి నుంచి చెమట తుడుచుకుంటూ కూడా చిరునవ్వు చెదరనివ్వని సభాధ్యక్షులు, మండల విద్యాశాఖాధికారి గారికి, నన్ను పొగిడి పొగిడి నా మీద నాకే అనుమానం వచ్చేట్టు చేసిన వాహిద్ సారుకు, తోటి ఉపాధ్యాయులకు, చాపాడు నుంచీ ప్రొద్దుటూరు నుంచీ పనులు మానుకుని వచ్చిన నా పాత విద్యార్థులకు, కుర్చీ వేస్తే వద్దని ముందు వరుసలో నేల మీదే కూర్చున్న ఖాజాబీ అక్కకు నమస్కారాలు. కిటికీలెక్కి కూర్చున్న ఎనిమిదో తరగతి వాళ్లకు కూడా నమస్కారమే గానీ, ముందు దిగండి. (నవ్వులు)

ముప్పై నాలుగేళ్ల కిందట నేను ఈ ఊరి బస్సెక్కినప్పుడు కండక్టరు, "విమానాల కాడ దిగేటోళ్లు దిగండప్పా!" అని కేకేశాడు. ఏ విమానాలని అడిగాను. "ఏమో మేడం, ఇరవై ఏండ్ల నుంచి నేనూ చూస్తాండా, ఒక్కటీ రాలా" అన్నాడు. అలా దిగానండీ నేను ఇక్కడ.

కొత్తగా వచ్చిన సారోళ్లకు ఈ స్థలం కథ తెలియదు కాబట్టి చెబుతాను. అధ్యక్షులవారు గడియారం చూడకుండా ఉంటే త్వరగానే ముగిస్తాను. (నవ్వులు) రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో, పందొమ్మిది వందల నలభై మూడులో, ఇక్కడ మిలిటరీవాళ్లు విమానాలు దిగే బాట వేశారు. జమ్మలమడుగు వైపు నుంచి ఎద్దులబండ్ల మీద రాయి తోలారు. సిపాయిలు పడుకోవడానికి కట్టిన పొడుగు గదులే ఇప్పుడు మన ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు. మనం కూర్చున్న ఈ పెద్ద షెడ్డు విమానాలు నిలపడానికి కట్టింది. విమానాలు రాలేదు గానీ శెనక్కాయ మూటలు వచ్చాయి, తుఫానులప్పుడు జనం వచ్చారు, తర్వాత పదో తరగతి పరీక్షలు వచ్చాయి. వీటిలో ఎక్కువ భయపెట్టింది పరీక్షలే. ఇక సగం భూమిలోకి దిగి ఉండే ఆ మందపాటి గోడల గది బాంబులు దాచడానికి కట్టింది. ఎండాకాలంలో అంత చల్లని చోటు మండలంలోనే లేదు. వాళ్లు బాంబులు పెట్టిన చోట మనం ముప్పై ఏళ్లుగా పెరుగన్నం పెట్టుకుని తింటున్నాం. (నవ్వులు, చప్పట్లు)

యుద్ధం అయిపోయింది, మిలిటరీ వెళ్లిపోయింది. ఇక్కడ ఒక్క విమానమూ దిగలేదని ఊరంతా అనేది, ఒక్క కమాల్ బాషా మామ తప్ప. ఆయన తాపీమేస్త్రీ. పదహారేళ్ల వయసులో తండ్రితో కలిసి ఈ బాటకు బండలు పరిచినవాడు. "ఒకటి దిగింది, దొర కిందికొచ్చి కడవ నీళ్లు తాగి పోయినాడు, నా కండ్లారా చూసినా" అనేవాడు. ఎవరూ నమ్మలేదు. అబద్ధాలకు ఊళ్లో 'కమాల్ బాషా విమానం' అనే పేరు కూడా పడింది. ఇంటిపని చేయని పిల్లలు సాకులు చెబితే తరగతిలో నేనూ ఆ మాటే అనేదాన్ని. అది ఆయన చెవిన పడింది. ఒకరోజు నాకు ఎదురొచ్చి, కోపం లేకుండా, "నవ్వుకో టీచరమ్మా, బండలకు తెలుసు లే" అని వెళ్లిపోయాడు.

ఇక తొంభై ఆరు సంగతి. ఆ కాలంలో మన బడికి ప్రహరీ లేదు. ఇప్పుడూ లేదు, ఎందుకో చెబుతాను. ఒక గేదె తరగతిలోకి వచ్చి ఎవరి పాఠానికీ అడ్డం రాకుండా నా హాజరు పట్టీ మొత్తం నమిలేసింది. (నవ్వులు) ఆ మంటలో, ఊరికే పడి ఉన్న ఆ బాట బండలు తవ్వి బడికి గోడ కట్టించాలని ఒక అర్జీ రాశాను. మార్చిలో తవ్వే యంత్రం వచ్చింది. బాట నిండా ఖాజాబీ అక్క ఎండబోసిన మిరపకాయలు, వాటి మధ్యలో మంచం, మంచం మీద ఆమె.

"పక్కకు రామ్మా, తవ్వల్ల" అన్నాడు యంత్రం నడిపేవాడు.

"నా కాయ ఎండేదాంక ఈ బండ మీద చెయ్యి పెట్టి చూడు. నీ మిషన్‌లో కారం పోస్తా" అన్నది ఆమె.

వారం ఆగి వస్తామని వాళ్లు వెనక్కి పోయారు. నేను కిటికీలోంచి చూసి పళ్లు కొరుక్కున్నాను.

ఐదో రోజు మధ్యాహ్నం, అక్బరు పాఠం చెబుతున్నాను. ఆకాశంలో ముసలి ఎద్దు దగ్గినట్టు శబ్దం. బయటికొచ్చి చూస్తే ఒక చిన్న విమానం, తూలుతూ, షెడ్డు మీదుగా తిరుగుతోంది. నేను చూస్తూ నిలబడ్డాను. ఖాజాబీ అక్క మంచం మీద నిలబడి అరిచింది.

"అది దిగల్లని చూస్తాండాది! కుప్పలు లాగండి! నా కాయ పోతే పోనీ, లాగండి!"

బడి బడంతా ఉరికింది. చీపురు పరకలు, తట్టలు, చేతులు, ఏది దొరికితే దానితో కుప్పలన్నీ పక్కకు తోశాం. మంచం ఆమే ఈడ్చింది. విమానం ఇంకో చుట్టు తిరిగి వచ్చి దిగింది. కుప్పలైతే తీశాం గానీ పరిచిన కాయ పరిచినట్టే ఉంది కదండీ, దాని మీదుగా పరుగెత్తింది. అప్పుడు లేచింది చూడండి, ఎర్రటి మబ్బు! ఊరు ఊరంతా తుమ్ములు. నూట ఎనభై మంది పిల్లలు, ఆరుగురు అయ్యవార్లు, గేదెలు కూడా. (సభ నిండా నవ్వులు) ఆ మబ్బులోంచి ఇరవై ఏళ్లు కూడా నిండని ఒక అమ్మాయి దిగింది. దీప్తి అని పేరు. విమానం నడపడం నేర్చుకుంటూ ఆ రోజు ఒంటరిగా వస్తే దారిలో ఇంజను మొరాయించిందట. నోరు తెరిచి "ఇది... హచ్... ఏ ఊరు... హచ్..." అంటూ ఏడుస్తోంది. భయానికో, కారానికో ఇప్పటికీ తెలియదు.

ఖాజాబీ అక్క కొంగుతో ఆ పిల్ల మొహం తుడిచి, "ఏడవద్దు బేటీ. దిగినావు గదా, ఇంగేంది? మజ్జిగ తాగు" అన్నది.

కమాల్ బాషా మామ మాత్రం విమానం రెక్క పట్టుకుని ఎగిరాడు. అరవై తొమ్మిదేళ్ల మనిషి, నిజంగా ఎగిరాడు. "రెండోది! ఇది రెండోదప్పా! నేను చెప్పలా?" అని ఒక్కొక్కరినీ పట్టుకుని అడిగాడు. నన్నూ అడిగాడు. ఆయన చేతులు పట్టుకుని "చెప్పినావు మామా" అన్నాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అప్పుడైనా ఆ మాట అనగలిగినందుకు సంతోషం.

మర్నాడు పేపర్లో 'ఉపాధ్యాయురాలి సమయస్ఫూర్తి, నిలిచిన ప్రాణం' అని నా ఫోటో వేశారు. ఆ తర్వాత బాట తవ్వే మాట ఎవరూ ఎత్తలేదు, మన బడికి ప్రహరీ లేనిది అందుకే. ఇదే షెడ్డులో నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను. ఇందాక వాహిద్ సారు కూడా ఆ కథే చెప్పారు, మీరంతా చప్పట్లు కొట్టారు. అవి నావి కావండీ. ఆ బాట తవ్వమని అర్జీ పెట్టింది నేను. ఖాజాబీ అక్క మంచం వేసుకుని కూర్చోకపోతే ఆ పిల్ల దిగేది గుంతల్లోకి. ఆ ఏడాది ఆమె పంట పొడైపోయింది, నా పేరు పేపరెక్కింది. ఇన్నేళ్లూ ఈ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పులివెందులకు బదిలీ వస్తే నేను వెళ్లలేదని ఇందాక మెచ్చుకున్నారే, అందులో సగం బడి మీద ప్రేమ, సగం ఈమెకు ఈ మాట చెప్పకుండా పోలేకపోవడం. అక్కా, అందరి ముందూ అడుగుతున్నాను, నన్ను క్షమించు.

(ముందు వరుసలోంచి ఖాజాబీ: "నాకు ఆ పొద్దే తెలుసు లే టీచరమ్మా!")

ఏమిటీ? మైకు ఇవ్వండి ఆమెకు. ఇవ్వండి.

(ఖాజాబీ: "మిషన్ అబ్బి కాగితం చూపిచ్చినాడు. నాకు చదువు రాదు, కమాల్ బాషా మామ చదివినాడు. కింద నీ సంతకం. నీకు పిల్లోళ్లకోసం గోడ కావాల, నాకు కాయకోసం బండ కావాల. ఎవరి పని వాళ్లది. దాంట్లో క్షమించేదేముండాది?")

చూశారా! ఇరవై తొమ్మిదేళ్లు ప్రతి వేసవిలోనూ నాకు కొత్త కారం దంచి పంపింది ఈ మనిషి, అంతా తెలిసి! నేను ఒక్కొక్క ముద్దకూ దడుచుకుంటూ తిన్నాను! (నవ్వులు, చాలాసేపు చప్పట్లు)

ఇందాక నాకు కప్పిన ఈ శాలువా నీది, తీసుకో అక్కా.

(ఖాజాబీ: "ఈ ఎండకు శాలువా యాడ కప్పుకునేది? నువ్వే పెట్టుకో. ఇచ్చేదుంటే, ఆ ఎత్తు మేడ ఎక్కియ్యి. పుట్టినకాడి నుంచి కిందనుంచే చూస్తాండా. ఎప్పుడూ తాళమే.")

విమానాలకు జెండాలు ఊపడానికి కట్టిన మేడ అది. ముప్పై నాలుగేళ్లలో ఆమెను ఒక్కసారి పైకి రమ్మనాలని నాకు తోచలేదు. అయ్యా, అధ్యక్షుల వారూ, ఐదు గంటలకు నేను తాళాలన్నీ వాహిద్ సారుకు అప్పగించాలి. ఇప్పుడు నాలుగుంబావు. అక్కకు మోకాళ్ల నొప్పి, ఇరవై రెండు మెట్లు, నిదానంగా పోవాలి. పైనుంచి బాటంతా, అవతల కుందూ ఏరు దాకా కనబడుతుంది. మీ అందరికీ కృతజ్ఞతలు, మిగిలినవి రేపు ఇంటికొచ్చి చెబుతాను. అక్కా, చెయ్యి ఇవ్వు. నాకు సెలవిప్పించండి.