ఐరిస్ మడిలో కుళ్లు

ఆసుపత్రి వంటగది వెనక ఊదారంగు ఐరిస్‌ల మడి. పూలు రాలిపోయాయి. తోటమాలి దుంపలు తవ్వుతున్నాడు. వంటమనిషి గుమ్మంలో నిలబడింది.

“ఛీ ఛీ! ఇదీ అంతే. పట్టుకుంటే చీములా జారిపోతోంది. చూడు వంటక్కా, చూడు!”

“నాకెందుకు చూపిస్తావు తోటన్నా? అవతల పొయ్యి మీద గిన్నె ఉంది.”

“పోనీ వాసన చూడు. చచ్చిన ఎలక నయం. లోపల పురుగు కూడానూ, నా చిటికెన వేలంత.”

“అబ్బా, దూరం పెట్టవయ్యా! పూలు అయిపోయాయిగా, పీకి పారెయ్.”

“పారెయ్యడమా? అసలు పనంతా పూలయ్యాకే! వాడిన కాడలు మొదలంటా కొయ్యాలి, పచ్చటి ఆకు ముట్టుకోకూడదు. ఆ ఆకులే దుంపకి తిండి పెడతాయి. దుంప వీపుకి ఎండ తగలాలి, కింద తడి నిలవకూడదు. అప్పుడే వచ్చే ఏడు పువ్వు.”

“వచ్చే ఏడా…”

“ఏం, నవ్వుతావేం?”

“నవ్వలేదు.”

“పదేళ్లుగా పెంచుతున్నా, ఒక్క దుంప కుళ్లలేదు. ఈ ఏడు సరిగ్గా నీ గుమ్మం పక్కవే కుళ్లాయి. మట్టంతా జిడ్డు. ఇదిగో, మెతుకులు!”

“కాకులు వేసుంటాయి.”

“నూనె కూడా కాకులే పోశాయా?”

“మొన్న వాన పడిందిగా.”

“వాన జిడ్డుగా పడుతుందా? నా మొహం చూసి చెప్పు. అంట్లు కడిగిన నీళ్లు ఇక్కడే పోస్తున్నావు కదూ?”

“పోస్తున్నా.”

“తూము రెండడుగుల్లో పెట్టుకుని!”

“పెట్టుకునే. రోజూ పోస్తున్నా. మరగకాచి మరీ పోస్తున్నా.”

“థూ! మనిషివేనా నువ్వు? నోరులేని మొక్క మీద ఏమిటమ్మా కక్ష? ఇక్కడ చేరి ఎనిమిది నెలలన్నా కాలేదు…”

“చేరకముందూ వచ్చాను. నిరుడు ఇవి విరగబూసినప్పుడు, ఈ పక్క వార్డులో, కిటికీ దగ్గర మంచం. ఇరవై రోజులు కూర్చున్నా.”

“ఎవరు ఆ మంచం మీద?”

“మా చెల్లెలు. ఒక్క పువ్వు తెచ్చిపెట్టమంది. నేనే వచ్చి అడిగాను నిన్ను.”

“రోజుకి పదిమంది అడుగుతారు. నాకేం గుర్తుంటుంది…”

“‘రేపోమాపో పోయేదానికి పువ్వెందుకు’ అన్నావు. కిటికీ తెరిచే ఉంది తోటన్నా. మా చెల్లి వింది.”