మడమ కింది మూల

హలో… ఆ, నేనే. కనకరాజునే. చెప్పు కోటిబాబూ…

ఆ, అందింది. పొద్దున్నే మీ బంగారం షాపు డ్రైవరు గోనెసంచీలో చుట్టి తెచ్చి ఇచ్చీసాడు. నా బల్ల మీదే ఉన్నాది నీ తుపాకీ… భయం లేదులే, తలుపు ఓరగా వేసే ఉంచినాను. మా పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో వడ్రంగి కొట్లోకి తొంగి చూసీవోడు ఎవడున్నాడు?

కొంచెం గట్టిగా మాటాడు… స్పీకర్లో పెట్టినాను మరి. ఒక చేత్తో తుపాకీ పట్టాల, ఒక చేత్తో స్క్రూలు విప్పాల. ఫోను పట్టుకోడానికి మూడో చెయ్యి దేవుడు ఇవ్వలేదు… ఎవరూ లేరు. బేబీ ఒక్కర్తే. గుమ్మం కాడ కూచుని బియ్యం ఏరుతున్నాది. నా కూతురే కదా, దాని ముందు దాపరికమేటి?

ఆ… హరి పోయి నేటికి పదకొండు రోజులు… ఏటి చెప్పమంటావు. పాతికేళ్ళకి దాని బొట్టు పోయింది. నాకు అల్లుడు పోయినాడు… నువ్వు రాలేదేటి? పన్నునొప్పా? అదే చెప్పినారు, దవడ వాచిపోయి మంచం మీదున్నాడని… పోన్లే. పాడె మొయ్యడానికి భుజాలకి కొదవ రాలేదు.

సరే, పని చెప్పు. ఏటి దీనికి రోగం?… తంతున్నాదా? తన్నదేటి మరి! మూడు నెలల కిందట నేనేటి చెప్పినాను? భుజానికి ఆనే పాత మడమ పగిలింది, పడౌ కర్రతో కొత్తది చెక్కిస్తాను, బరువుంటాది, పేలినప్పుడు ఆ తన్నంతా అదే మింగుతాది అన్నాను. విన్నావా? సినిమా హీరో చేతిలోలాగ నల్లగా నిగనిగలాడాలన్నావు. సరిహద్దు ఊరు మ్యావడీ నించి ఈ ప్లాస్టిక్ మడమ తెప్పించినావు. అది ఆరడుగులోడి కొలత బాబూ. నువ్వు నా చెవి దాటవు. అంగుళమున్నర పొడుగు ఎక్కువ. వెనక రబ్బరా, రాయా తెలీదు. బిగించమన్నావు, బిగించినాను…

కోప్పడకు. ముందే చెప్పినాను అంటన్నాను, అంతే… ఎల్లుండి నించి కాపలా డ్యూటీయా? అలాగే, చేసిస్తాను. కాని ఎక్కడ తన్నిందో తెలియకుండా కొయ్యను. అడిగినవి చెప్పు.

ఎన్ని దెబ్బలు పేల్చినావు?… రెండు. ఎప్పుడు?… మొన్న ఆదివారం. ఎక్కడ?… తన్‌ల్యిన్ అవతల, మీ తోడల్లుడి తోటలో. దేని మీద?… కాకుల మీద. కొబ్బరిచెట్టు మట్టల్లో కూచున్న కాకులు… పడ్డాయా?… పడలేదు. ఆ, నీ గురి నాకు తెలుసులే.

చెంప మీద తన్నిందా?… కంటి కింద, ఎముక మీద. అంటే మడమ పొడుగై మెడ సాచినావు, తల లేచిపోయింది… ఇప్పుడు భుజం సంగతి చెప్పు… ఊహు, అలా కాదు. చొక్కా విప్పి అద్దం ముందు నిలబడు. నేను ఆగుతాను…

ఆ, ఉన్నాను. మచ్చ ఎంతున్నాది? అరచెయ్యంతా, నాణెమంతా?… నాణెమంత. ఎక్కడ? ఎముక పైనా, కిందా?… కింద. చంక వైపు, రొమ్ము మీద… ఖాయమేనా? వేలు పెట్టి నొక్కి చూడు… అరిచినావు కాబట్టి ఖాయమే.

రంగేటి?… నడిమిన కొంచెం నలుపు. అంచులు పసుపు… పచ్చగా కూడా…

ఏటీ లేదు… స్క్రూడ్రైవరు కింద పెట్టినాను, ఆ చప్పుడు.

కోటిబాబూ, ఒక చిన్న అనుమానం. చెట్టు మీద కాకిని కొట్టాలంటే గొట్టం పైకెత్తాల కదా?… ఎత్తితే మడమ పై మూల భుజంలో దిగబడతాది. నలుపు ఎముక మీద తేలాల. నీకు కింది మూల దిగబడింది, రొమ్ములోకి. అది ఎప్పుడవుతాదో తెలుసా?… గొట్టం కిందకి దించితే. మేడ మీద నించి వీధిలోకి దించితే…

నువ్వు ఆగు. మూడు రోజుల దెబ్బ పసుపు తిరగదు నాయనా. పది రోజులు కావాల. పదకొండు కావాల.

పెట్టీకు! ఫోను పెట్టీసినా నీ తుపాకీ నా బల్ల మీదే ఉంటాది… అదీ. అలా కూచో.

ఆ వేళ సంచౌంగ్‌లో మీ బంగారం షాపు మీద దొంగలు పడ్డారు. టాక్సీలో ముగ్గురు. మేడ వరండాలో నువ్వు కాపలా. వాళ్ళ దగ్గర కూడా గుళ్ళ తుపాకీయే ఉంది, వీధిలో పోతున్న హరిని వాళ్ళే కొట్టినారు, నీ తుపాకీ పెట్టెలోంచి బయటికే రాలేదు… ఇదే కదా నువ్వు చెప్పిన సాక్ష్యం? అందరం నమ్మినాం. నేనూ నమ్మినాను.

కాని హరికి ఆఖరి నీళ్ళు పోసింది నేను, కోటీ. ఈ చేతులతో. మెడ పక్కన పడ్డ గుళ్ళు కిందకి దిగినాయి. కన్నంలో వేలు ఆనిస్తే వేలు కిందకే జారింది. ఎంత కడిగినా కారుతానే ఉన్నాది, రెండు పంచెలు తడిసినాయి. టాక్సీలో కూచున్నోడు ఆకాశం నించి పేల్చుతాడేటి? పదకొండు రోజుల్నించి ఇదే లెక్క నా బుర్రలో…

ఏడవకు. మాటాడు…

దొంగనుకున్నావు… ఏసీ రిపేరు సంచీ భుజాన ఉన్నాది, పరిగెడుతున్నాడు, దొంగనుకున్నావు. ఊఁ. భయపడినావు, మీట నొక్కీసినావు. ఊఁ. సరే కోటీ. మొదటి దెబ్బ నీ భయానికి వదిలీసినాను.

రెండోది?

రెండో దెబ్బ సంగతి అడుగుతున్నాను. హరి వీపు మీద కూడా గుళ్ళున్నాయి. దగ్గర దగ్గరగా, జల్లెడలాగ. ఎందుకు కొట్టినావు రెండోసారి?…

చెప్పు. బేబీ బియ్యం ఏరడం మానీసింది. చేట పక్కన పెట్టీసింది. చెప్పు…

మోకాళ్ళ మీద పడ్డాడు. పడి?… తలెత్తి చూసినాడు. నిన్ను చూసినాడు. చూసి?…

గట్టిగా చెప్పరా!

… “కోటన్నా, నేను” అన్నాడు…

పేరు పెట్టి పిలిచినాడు… బతికితే నీ పేరు చెప్తాడని… గోడ పట్టుకుని పాకుతున్నాడు. అప్పుడు…

ఓరి నీ… నీ జిమ్మడ!

అమ్మా, వద్దు! ఫోను విసరకు తల్లీ. అక్కడ పెట్టు. ఇంకా ఉన్నాది మాట.

విన్నావా అది? అది నా కూతురు తల బాదుకుంటున్న చప్పుడు. మా ఇంట్లో అన్నం తిన్నావు. నిన్ను అన్నా అన్నాడు. పాకుతున్నోడిని కొట్టినావు. నీ చెంప మీద ఇది తన్నిన తన్ను చాలదురా. ఇదే మడమ పట్టుకుని నీ మొహం పచ్చడి చెయ్యాల. ఒక్కొక్క పన్నూ గొంతులోకి దిగాల, నువ్వు నెత్తురు గుటకలేస్తా వాడి పేరు చెప్పాల!

పోలీసులకి చెప్తావా? పద, చెప్పు. ఏటని చెప్తావు? పెట్టెలోంచి బయటికే రాని తుపాకీ వడ్రంగి కొట్లోకి నడిచెళ్ళిందనా?… కాళ్ళు పట్టుకుంటావా? ఫోనులో కాళ్ళు దొరకవు కోటీ…

తుపాకీ ఇచ్చీమంటావా? ఇస్తాను. ఎందుకివ్వను? సరిచేసే ఇస్తాను. ఇదిగో, ఈ ప్లాస్టిక్ ఊడదీసీసినాను. చప్పుడు వినబడిందా? మంచి కర్రతో కొత్తది చెక్కుతాను. తన్నదు, గురి కదలదు. రెండు రోజుల పని… నీ కొలత నాకెందుకు?

బేబీ. ఇలా రామ్మా. కళ్ళు తుడుచుకో. కుడిచెయ్యి మడువు. మోచెయ్యి మడతలో టేపు ఆనిస్తన్నాను, ఇక్కణ్ణించి నీ చూపుడు వేలు దాకా కొలవాల. వేలు వంచు, మీట మీద వేసినట్టు… కదలకు తల్లీ. కదిలితే కొలత తప్పిపోతాది.

ఆ… పన్నెండున్నర.

విన్నావా కోటీ? కొత్త మడమ పొడుగు పన్నెండున్నర అంగుళాలు… అరవకు. దానికి అన్నీ వినబడతన్నాయి.

నా చేతులు ఖాళీ లేవమ్మా. ఫోను మీద ఆ ఎర్రది నువ్వే నొక్కీ…