ప్యాడ్లు ఉతకమాక

లేహ్‌లో ఎస్టీడీ బూత్ నుంచి ఐస్ హాకీ గోల్‌కీపర్ ఫెబా. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసు ఫోన్ దగ్గర ఆమె తండ్రి, హమాలీల మేస్త్రి ప్రేమదాసు.

“అన్నీ సరేగానీ, ప్యాడ్లు ఉతకలేదుగా?”

“నాన్నా! రేపు లీగ్ ఫైనల్. ఒక మంచి మాట చెప్పకుండా మళ్ళీ ప్యాడ్లేనా?”

“చెప్తా, చెప్తా. పాస్టరుగారితో ప్రార్థన చేయించాం. మీ అమ్మ ఉపవాసం. ఉతకలేదుగా?”

“ఎందుకు ఉతక్కూడదు?”

“ఊరికే. కలిసొచ్చిన ప్యాడ్లు కదా. మొదటి మ్యాచ్ పోయినా తర్వాత ఐదూ గెలిచారు. గోల్‌కీపర్ మన గుంటూరు పిల్లేనని పేపర్లో కూడా వేశారు.”

“అదీ! అట్టా చెప్పు.”

“అవతలి జట్టు అమ్మాయిలు నీ దగ్గరికొచ్చాక... తుమ్ముతున్నారా?”

“తుమ్మడమేంటి?”

“చలికి. చలికి తుమ్ముతారుగా మనుషులు.”

“నాన్నా. ఏం చేశావు?”

“నేనేం చేశాను? పత్తి కూరి నీ కాళ్ళకి ప్యాడ్లు కుట్టిచ్చాను.”

“దేంతో కుట్టావు?”

“గోతాలతో.”

“ఏ గోతాలు?”

“గోతాలంటే గోతాలే. మా కోల్డ్ స్టోరేజీలో ఏ గోతాలుంటాయే?”

“మిరపకాయలవా!”

“దులిపానమ్మా. ఒక వైపు.”

“ఒక వైపా?”

“నీ కాళ్ళ వైపు. వాళ్ళు కర్రతో కొట్టే బిళ్ళ తగిలే వైపు అట్టాగే ఉంచా. తగిలినప్పుడల్లా కాస్త దుమ్ము లేస్తే, వాళ్ళ కళ్ళు... వాళ్ళేమో మంచులో పుట్టి పెరిగినోళ్ళు. నువ్వు సిమెంటు నేల మీద చక్రాల బూట్లతో నేర్చుకున్నదానివి. పదేసి గోల్స్ తిని ఏడుస్తా వస్తావేమోనని భయమేసిందే.”

“అంటే గోల్స్ ఆపింది నేను కాదు. మిరపకాయలు.”

“అట్టా కాదమ్మా...”

“అంతేగా!”

“తప్పే. ప్రార్థనలో కూడా ఒప్పుకున్నా. ఫైనల్ అయ్యాక ఎంతైనా తిట్టు. ఈ ఒక్కరోజు మాత్రం ఉతకమాక.”

“మొదటి మ్యాచ్‌లో ఎన్ని గోల్స్ తిన్నాను?”

“తొమ్మిది. అదిప్పుడెందుకులే. ఆ రోజు నీకు ఒంట్లో బాగాలేదన్నావుగా.”

“ఒళ్ళు బానే ఉంది నాన్నా. నా కళ్ళే మండిపోయి బిళ్ళ కనపళ్ళేదు. ఆ సాయంత్రమే వేణ్ణీళ్ళలో నాలుగుసార్లు ఉతికా. నీళ్ళు ఎర్రగా దిగాయి. గెలిచిన ఐదూ ఆ తర్వాతవే.”