ఖాళీ జాగా అని రాయమన్నారు

ఏమ్మా రిషితా, కాలు పెట్టని నేలని నలుగురికీ కొనుక్కోమని ఎట్లా చెప్తావే నువ్వు? లేవకు, కూర్చో. కోటు తీసి ఆ కొక్కేనికి తగిలించి కూర్చో, కాఫీ పెడుతున్నాను. శనివారం ఉగాది ఫంక్షన్‌కి నువ్వే యాంకర్వని శశికాంత్ వాట్సాప్‌లో పెట్టాడు, చూశాను. సంఘం ప్రెసిడెంటు కదా, నీ ఫొటోతో సహా పెట్టాడు. నీ ఫొటో కిందే ఆ ప్లాట్ల కంపెనీ బొమ్మ. స్పాన్సరట. హైదరాబాద్ పక్కన వెంచరు, పేరు చివర కౌంటీ అని తగిలించారు, అమెరికాలో జిల్లాని అట్లా అంటారట. మనవాళ్ళు రంగారెడ్డిలో ఉండి అమెరికా పేరు పెడితే, దాన్ని ఇక్కడ జర్మనీలో బోబ్లింగెన్‌లో ఉన్నవాళ్ళు కొనాలి. నిన్న నా దగ్గర చీర పిన్నులు పెట్టించుకుంటూ చదివి వినిపించావే, "ప్రకృతి ఒడిలో, క్లియర్ టైటిల్‌తో" అని. నిన్న నాకు నోరు రాలేదు. ఇవాళ వచ్చింది. ఆ నేల నాకు తెలుసు. ఆ నేల మీద ఇప్పుడు కందిచేను ఉంది, చేను వేసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళని లేపడానికి నీ గొంతు వాడుకుంటున్నారు. అదీ సంగతి. చక్కెర ఎంత?

గంగాధరరావు అని ఒకాయన, మా ఆయన, ఉండేవారని సంఘంలో నీకెవరూ చెప్పి ఉండరు. చెప్పరు. ఆ సంఘం మొదలైందే మా వంటింట్లో, ఆయన ఈ గట్టు దగ్గర నిలబడి పులిహోర కలుపుతుంటే. ఇప్పుడు చూడు, వ్యవస్థాపకులు అని భాస్కరరావు ఫొటో ఉంటుంది, గంధం బొట్టుతో. ఉండనీ. మా ఆయన పోయి నీ వయసంత కాలం అయింది. కార్లకి బేరింగులు చేసే కంపెనీలో ఇంజనీరు. మనిషికి ఒకటే జబ్బు, కాగితం కనిపిస్తే చదవాలి. పెరుగు డబ్బా మీద అక్షరాలు కూడా వదిలేవారు కాదు. ఈ ఫ్లాటు కొన్నప్పుడు నోటార్ దగ్గరికి వెళ్ళాం. ఇక్కడ నోటార్ అంటే మన కోర్టుల బయట గొడుగు కింద కూర్చుని స్టాంపు కొట్టే మనిషి కాదు, పెద్ద దొర. దస్తావేజు మొత్తం మొదటి నించి చివరిదాకా పైకి చదివి వినిపించాలి, చట్టం అట్లా ఉంది. ఆయన చదువుతుంటే ఈయన సత్యనారాయణ వ్రతకథ విన్నట్టు చేతులు కట్టుకుని విన్నారు. నాకు కునుకు పట్టింది. తర్వాత గ్రుండ్‌బుఖ్‌లో మా పేరెక్కింది. గ్రుండ్‌బుఖ్ అంటే ఇక్కడి భూముల పుస్తకంలే, అందులో పేరుంటే ఇల్లు నీది, దానికి సర్కారు పూచీ. ఆ రోజు ఆయన మొహం చూడాల్సింది. పిల్లాడికి ర్యాంకు వచ్చినంత సంబరం. "సుభద్రా, ఇదీ దేశమంటే" అన్నారు. నేను కేర్‌వోఖె వంతు నాదే ఈ వారం, మెట్లు తుడవాలి, అడ్డు లేవండి అన్నాను.

ఆ సంబరమే ఆయన కొంప ముంచింది. తొంభైల్లో భాస్కరరావు ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు, చుట్ట చుట్టిన రంగుల మ్యాపుతో. ఇదే హాల్లో పరిచాడు, నువ్వు కూర్చున్న చోటే. పచ్చరంగు పార్కు, నీలంరంగు చెరువు, మధ్యలో గళ్ళు గళ్ళుగా ప్లాట్లు. భాస్కరరావుకి నోరు ఎక్కువ, ఈయనకి చదువు ఎక్కువ. "గంగాధరం, నువ్వొక్కసారి కాగితాలు చూడు, నువ్వు సరే అంటే అందరం కొంటాం" అన్నాడు. ఈయన సెలవు పెట్టి వెళ్ళారు. ఏజెంటు కారులో రోడ్డు మీద ఆపి కిటికీలోంచి చూపించాడట, "అదిగో సార్, ఆ బండల దాకా మనదే." దిగలేదు. ఎండ, పైగా రిజిస్ట్రేషన్‌కి టైమవుతోంది. ఆఫీసులో మాత్రం దస్తావేజు మొత్తం నిలబడి పైకి చదివారట. లైన్లో ఉన్నవాళ్ళు ఎవర్రా ఈ పంతులు అని నవ్వారట. సంతకం పెట్టి, వేలిముద్ర వేసి, అక్కణ్ణించే ఫోన్. "రిజిస్టరైంది సుభద్రా, ఇంక బ్రహ్మదేవుడు దిగొచ్చినా మనదే." చూశావా, ఇక్కడి పుస్తకం అక్కడా ఉందనుకున్నారు. అక్కడ రిజిస్టరు చేసేది కాగితాన్నమ్మా, హక్కుని కాదు. ఈ మాట తర్వాత ప్లీడరు చెప్పాడు, నవ్వుతూ చెప్పాడట, అది ఇంకా మంట. అక్కడ ఉండేవాళ్ళెవరూ ఆ కాగితాన్ని నమ్ముకుని కొనరు, పక్క చేనువాణ్ణి అడుగుతారు, ఊళ్ళో విచారిస్తారు. మనం ఇక్కడికొచ్చి ఆ అనుమానం పోగొట్టుకుంటాం. ఈయన వెనక మన వాళ్ళంతా వరసగా కొన్నారు, గంగాధరరావు చదివాడు కదా అని.

కింద ఫ్లాటులో ఫ్రావ్ క్యూబ్లర్ అని ముసలావిడ ఉండేది. మెట్ల మూల దుమ్ము కనిపిస్తే తలుపు కొట్టి నన్ను పిలిచి చూపించేది, "ఫ్రావ్ రావ్, ఇది ఏమిటి?" అని. అట్లాంటి మనిషి మా ఆయనకి మాత్రం ఆపిల్ కేకు పెట్టేది. ప్లాటు కొన్నామని ఈయన చెప్తే ఆవిడ వాళ్ళ ముత్తాత తమ్ముడి సంగతి చెప్పింది. ఈ పక్క పల్లెవాడే, ఈ స్వాబియా ప్రాంతపు మనిషి. ఊరి సారాయి కొట్టులో ఒక ఏజెంటు మ్యాపు పరిచాడట, అమెరికాలో నేల, నది పక్కన. ఉన్న ద్రాక్షతోట అమ్మేసి ఓడెక్కాడు. అక్కడికి పోతే అదే ముక్కకి ఇంకా కొందరి చేతిలో కాగితాలున్నాయి. ఒకడికి కంపెనీ అమ్మింది, ఒకడికి ఆ కంపెనీకి అమ్మిన పెద్దమనిషే మళ్ళీ అమ్మాడు, ఒకడు ఎవడో సిపాయికి జీతం బదులిచ్చిన పట్టా కొనుక్కొచ్చాడు. వీళ్ళ కోర్టు తగువు కొడుకుల దాకా నడిచిందట. మరి అంతకుముందు ఆ నేల మీద ఎవరూ లేరా అని నేనడిగాను. అడిగింది నేనే, ఈయన కాదు. ఆవిడ కేకు కోస్తూ, "ఉన్నారు. వాళ్ళ ఊరు ఉండేదట, మొక్కజొన్న వేసేవాళ్ళు. వాళ్ళని తరిమింది కంపెనీ కాదు, ఫ్రావ్ రావ్. కంపెనీ అంత కష్టపడదు. కొన్నవాళ్ళే తరిమారు, చేతిలో కాగితం ఉంది కదా" అంది. మా ఆయన నవ్వేశారు. అది పాతకాలం, అడవి దేశం, మాది రిజిస్టర్డ్ అన్నారు. కేకు ఇంకో ముక్క తిన్నారు.

కొన్నేళ్ళకి ప్రహరీ కట్టిద్దామని వెళ్ళారు. ఈసారి కారు దిగారు. కందిచేను, నడుమెత్తు ఉంది. ఒక ఆవిడ గట్టు మీంచి వచ్చింది. అండాలు ఆవిడ పేరు. "ఎవలు బిడ్డా, ఎండల నిలబడ్డవ్?" అందట. ఈయన, నా జాగా చూసుకుందామని వచ్చానమ్మా అన్నారు. "నీ జాగనా? గీ కంది నువ్వు పెట్టినవా?" ఈయన దస్తావేజు తీశారు, ఇంకేం తీస్తారు. ఆవిడ చదవలేదు, చదవమని అడగనూ లేదు. "మా అత్త కాలంల సర్కారోళ్ళు మాకిచ్చిన్రు, దున్నుకోన్రి, అమ్మొద్దు అని చెప్పి ఇచ్చిన్రు. మేమమ్మలే. మరి నీకెవడమ్మిండు?" ఇంటికొచ్చాక ఆ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నారో. స్నానాల గదిలోంచి వినపడేది, మరి నీకెవడమ్మిండు, మరి నీకెవడమ్మిండు. ఆవిడ యాసలోనే. నవ్వొచ్చేది ఒక్కోసారి, ఒక్కోసారి ఆ తలుపు బద్దలుకొట్టాలనిపించేది. అది అసైన్డు భూమి. భూమి లేనివాళ్ళకి సర్కారు ఇచ్చేది, అమ్మడానికీ లేదు, కొనడానికీ లేదు. విచారిస్తే అవే ప్లాట్లు మనకన్నా ముందు ఒక ఉద్యోగుల సొసైటీకి కూడా అమ్మారని తేలింది. వాళ్ళ దస్తావేజూ రిజిస్టరైందే.

ఇక చూడు భాస్కరరావు తెలివి. ఆ సొసైటీ వాళ్ళతో తగువెందుకు, వాళ్ళూ మనమూ కలిసిపోదాం, ఇద్దరం కలిసి ముందు ఆ చేనువాళ్ళని ఖాళీ చేయిద్దాం, తర్వాత పంచుకుందాం అన్నాడు. ఆ మాట ఇక్కడే అన్నాడు, నేను పెట్టిన ఉప్మా తింటూ. కోర్టుకి ఒక ప్రమాణపత్రం కావాలి. కొన్ననాటికి అది ఖాళీ జాగా, సాగు లేదు, మనుషులు లేరు అని. ఆ రోజు అక్కడికి వెళ్ళిన మనిషి ఈయనొక్కరే, కాబట్టి సంతకం ఈయనదే కావాలి. "ఒక్క ముక్క గంగాధరం. ఖాళీ జాగా అని రాయి, చాలు. నీ మాట మీద కొన్నాం, మమ్మల్ని గట్టెక్కించాల్సింది నువ్వే." గదినిండా మన వాళ్ళు. అందరూ ఈయన వైపే చూస్తున్నారు. ఈయన మెల్లిగా, "ఆ రోజు కారు కిటికీలోంచి చూశాను భాస్కరం. పచ్చగా ఉంది. పచ్చగా ఉందంటే ఎవరో విత్తారనే కదా. నాకా బుద్ధి అప్పుడు రాలేదు. ఇప్పుడు వచ్చాక ఖాళీ అని ఎట్లా రాస్తాను?" అన్నారు. భాస్కరరావు ప్లేటు కింద పెట్టేశాడు. "అయితే మేమంతా నీకు ఏమీ కామా? ఆ కందిచేను మనిషి ఎవరు నీకు, చుట్టమా?" ఆ తర్వాత ఈయన వెళ్ళి కోర్టులో అండాలు తరఫున చెప్పొచ్చారు, చేను ఉంది, నేను చూశాను అని. దాంతో వీళ్ళ కేసు కూలబడింది. పూర్తిగా పోలేదు, పై కోర్టులో పడి మూలుగుతోంది ఇప్పటికీ.

ఏంటి? మంచివారు అంటావా? ఆ మాట నా ముందు అనకు. మంచివాడైతే కొనేముందు కారు దిగేవాడు. ఆ సంగతి ఆయనకే తెలుసు, అందుకే ఎవరేమన్నా తిరిగి అనలేదు. దొంగ అన్నారు, ఏజెంటు దగ్గర తిన్నాడన్నారు. ఉగాదికి పిలవడం మానేశారు, ఆయన పెట్టిన సంఘం. రాథౌస్ మునిసిపల్ ఆఫీసు ముందు ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోయేవాళ్ళు. పోయినప్పుడు శ్మశానానికి మన వాళ్ళలో ఎవరొచ్చారో తెలుసా? ఎవరూ రాలేదు. ఫ్రావ్ క్యూబ్లర్ కర్ర పట్టుకుని వచ్చింది, ఫ్యాక్టరీ వాళ్ళొచ్చారు. పాడె పట్టే పని ఇక్కడ ఉండదు కాబట్టి సరిపోయింది, లేకపోతే అదీ జర్మన్ల మీదే పడేది.

అండాలు కూడా పోయింది. ఆవిడ మనవడు ఈశ్వర్ ఉన్నాడు, ఇప్పుడు అతనే చేస్తున్నాడు సాగు. ఈయన సాక్ష్యం మీదే వాళ్ళింకా అక్కడ నిలబడ్డారు కాబట్టి పండక్కీ పబ్బానికీ నాకు ఫోన్ చేస్తాడు. మొన్న పండగ కాకుండానే చేశాడు. "అమ్మా, మళ్ళ వచ్చిన్రు. చేన్ల రాతి కడీలు పాతుతున్నరు. కొత్త కంపెనీ, కౌంటీ అని బోర్డు పెట్టిన్రు. మీ జర్మనీల అమ్ముతున్నరట గదా, మీ దిక్కోళ్ళు కొన్నంక మేము నిలవం" అన్నాడు. ఎందుకు నిలవరో అర్థమైందా నీకు? ఈ కంపెనీకి కావాల్సింది డబ్బొక్కటే కాదు. కొన్నవాళ్ళు కావాలి. ఒక్క కంపెనీ వెళ్ళి ఒక్క ఈశ్వర్ మీద పడితే రౌడీయిజం అంటారు. బ్లూకార్డు వీసా ఉన్న ఇంజనీర్లు, పిల్లల చదువుకని దాచుకున్న తల్లులు, వీళ్ళంతా నా ప్లాటు నాకిప్పించండి అని కోర్టుకెక్కితే దాన్ని న్యాయం అంటారు. కొన్న ప్రతి మనిషీ వాళ్ళకి సిపాయే, జీతం అక్కర్లేని సిపాయి, తన డబ్బు తనే ఎదురిచ్చి చేరిన సిపాయి. వాళ్ళని చేర్పించే పని శనివారం నీది.

నువ్వు యాంకర్వి మాత్రమే, అవును, విన్నాను. ఏజెంటూ అట్లాగే అన్నాడు, నేను చూపించేవాణ్ణి మాత్రమే సార్ అని. సబ్ రిజిస్ట్రారు, నేను రిజిస్టరు చేసేవాణ్ణి మాత్రమే. మాత్రమే గాళ్ళంతా కలిస్తేనే అండాలు చేను మాయమయ్యేది. స్పాన్సర్ పోతే హాలు అద్దె ఎవరు కడతారంటే, చందాలు వేసుకోండి, లేదా ఉగాది పచ్చడి మా ఇంట్లో తినండి, వెనకటికి తినలేదా? శశికాంత్ నీకు చదువుకుంటూ చేసే వెర్క్‌స్టుడెంట్ ఉద్యోగం ఇప్పిస్తానన్నాడని నాకు తెలుసు. నిన్ను చూసి కోపం తెచ్చుకుంటాడు, ఇప్పించడు. అది నేను కాదనను. నీకు నష్టమే. నష్టం లేకుండా చెయ్యమని నేను అడగట్లేదు.

చల్లారిపోయిందా కాఫీ? పోనీలే, అది అక్కడ పెట్టు. ఫోన్ తియ్యి. ఈశ్వర్ నంబరు చెప్తాను, కొట్టు. అక్కడ ఇంకా చీకటి పడలేదు, చేన్లోనే ఉంటాడు. శనివారం ఆ ప్లాట్ల ముక్క చదవాల్సిన సమయానికి నువ్వు చదవద్దు, ఆ పెద్ద తెర మీద వీడియోలో అతన్ని పెట్టి, మైకు అతనికివ్వు. మన వాళ్ళు ఆ చేను చూడనీ, అందులో నిలబడ్డ మనిషిని చూడనీ, ఆ తర్వాత కొంటే కొననీ. కొట్టు, ప్లస్ తొమ్మిది ఒకటి.